అర్లిస్ చూసొచ్చిన చోటు

అర్లిస్ ఎంచిన చోటికి వెళ్ళి ఎవరూ సణుక్కుంటూ తిరిగి రాలేదు, ఆ ఒక్క వేసవి తప్ప. ఆ వేసవి మేమందరం సణిగాం. అందరికంటే గట్టిగా సణిగింది నేనే. పక్కపక్క ఇళ్ళలో పిల్లల్ని పెంచుకున్నవాళ్ళం, ఒకరి వంటింట్లో గిన్నెలు ఒకరి వంటింట్లో తిరిగేవి, కాబట్టి ఆమెను ఎంత మాటైనా అనే హక్కు నాకుందని నా ధీమా.

మాది పెద్ద సంఘమేమీ కాదు. ట్రక్కు వెనక, లోపలే పడకలూ పొయ్యీ ఉండే ట్రైలరు తగిలించుకుని ఏటా జూలైలో ఒక వారం పాటు ఏదో ఒక సరస్సు ఒడ్డున కలిసి దిగే కొన్ని కుటుంబాలం. నేను బడిలో వంటమనిషిని. మా ఆయన మెర్ల్ ఇంటింటికీ టపా వేసేవాడు. మిగతావాళ్ళు పాడి రైతులు, మెకానిక్కులు, అలాంటివాళ్ళే. మా మిన్నెసోటాలో సరస్సులకేం కరువు? కారు చెడిపోయి దిగి నడిచినా ఏదో ఒక సరస్సు కాళ్ళకి తగులుతుంది. కానీ పిల్లాజెల్లాతో, పొడుగాటి ట్రైలర్లతో దిగడానికి పనికొచ్చే ఒడ్డు దొరకడం అంత తేలిక కాదు. ఫోటోల్లో అన్నీ నీలంగానే మెరుస్తాయి. వెళ్ళాక తెలుస్తుంది, ఒడ్డంతా బాతుల రెట్టలని, దోమలు మనుషుల్ని ఎత్తుకుపోయేలా ఉన్నాయని, వెనకనే రైలు పట్టాలున్నాయని.

అందుకే ఎంచే పని అర్లిస్‌కి అప్పజెప్పి మేం నిశ్చింతగా ఉండేవాళ్ళం. 'బండ్ల పెద్ద' అని పిలిచేవాళ్ళం ఆమెను. బట్టల కొట్టులో గుడ్డ కొలిచి కత్తిరించే ఉద్యోగం ఆమెది. సెలవు దొరికిందంటే, సరస్సుల మీద మంచు కరిగిన దగ్గర్నుంచి కాలికి బలపం కట్టుకుని తిరిగేది. తోడు నేను. క్యాంపుకి వెళ్తే ముందు ఆఫీసుకి వెళ్ళేది కాదు. చేపల గాలాలకి ఎరలమ్మే కొట్టు ఎక్కడుందో వెతుక్కుని అక్కడికి వెళ్ళేది. వానపాముల డబ్బాలు అటూ ఇటూ తిప్పి చూస్తూ, కొట్టువాణ్ణి ఏమీ ఎరగనట్టు అడిగేది.

"మీ మనవల్ని ఈతకి ఏ ఒడ్డున దింపుతారండీ?"

"పడమటి ఒడ్డునమ్మా. ఆ క్యాంపు ముందరైతే ఆగస్టులో నీళ్ళు పచ్చగా నాచుపట్టి బఠాణీల పులుసే."

బయటికొచ్చి నన్ను మోచేత్తో పొడిచేది. "విన్నావా? ఈ ముక్క క్యాంపువాడు చెప్తాడా మనకి?"

ఆ గండం గడిచిన క్యాంపుకి అసలు పరీక్ష తర్వాత ఉండేది. నీటి పక్క జాగాలో ఉన్న చెక్క టేబుల్ దగ్గర కూర్చుని, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, నన్ను నీళ్ళలోకి తోలేది. "నేనిక్కడ బంగాళదుంపలు తొక్క తీస్తున్నాననుకో. నువ్వు పిల్లవి. వెళ్ళి నడుములోతులో నిలబడు. నాకు నీ తల కనపడాలి."

"మే నెలే ఇది! నీళ్ళు ఎముకలు కొరికేస్తున్నాయి."

"పిల్లలకి చలి తెలీదే. పద, నిలబడు."

తల్లి చేస్తున్న పని ఆపకుండా తలెత్తితే పిల్ల కనపడాలి. కనపడకపోతే ఆ చోటుకి మిగతా హంగులు ఎన్నున్నా ఆమె దాని పేరు కొట్టేసేది. అలా ఆమె ఎంచిన ఒడ్లలోనే మా పిల్లలు ఈత నేర్చారు, వాళ్ళ పిల్లలూ నేర్చారు. ఒక్కరికి ఒక్క దెబ్బ తగల్లేదు.

వెర్లిన్ ఆమె మొగుడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పాల ట్యాంకరు నడిపాడు. పశువుల కొట్టానికీ గాదెకీ మధ్య ఉండే ఇరుకు సందుల్లోకి, మోకాలెత్తు మంచులో, అంత ట్యాంకరునీ వెనక్కి నడిపి పెట్టేవాడు. మా చుట్టుపక్కల ఆ విద్యలో ఆయన్ని మించినవాడు లేడు. మిగతా విషయాల్లో నోట్లో నాలుక లేని మనిషి. చర్చిలో పాట కూడా పెదాలు కదిపి సరిపెట్టేవాడు. పార్టీల్లో గోడకి అంటుకుపోయేవాడు. స్టీరింగు ముందు కూర్చున్నాడంటే మాత్రం భుజాలు వెడల్పయ్యేవి.

నీటి పక్క జాగాలన్నీ ట్రైలర్ని వెనక్కి నడిపి దూర్చాల్సినవే. ముందు నుంచి దూరి ముందుకే పోదామంటే సరస్సులోకి పోవాలి. ట్రైలరు వెనక్కి వెళ్ళేటప్పుడు స్టీరింగు ఇటు తిప్పితే అది అటు పోతుంది. అందుకే వెనక ఒకరు నిలబడి చెయ్యి చూపాలి. క్యాంపుల్లో సాయంత్రం వేళ మాకు వేరే వినోదం అక్కర్లేదు. మడతకుర్చీలు దారి వైపు తిప్పుకుని కూర్చుంటాం. ఎవరో కొత్త జంట వస్తుంది. మొగుడు లోపల, పెళ్ళాం వెనక.

"ఎడమకి!"

"ఎవరి ఎడమ?"

"నా ఎడమ!"

"నీ ఎడమ నాకేం తెలుసే, ఎటు తిరిగి నిలబడ్డావో!"

"అద్దంలో చూడు, మొద్దూ!"

మాలో లోవెల్ అని ఒకడున్నాడు, మెకానిక్కు, నోటికి తాళం లేని మనిషి. వాడు కుర్చీలోంచి వ్యాఖ్యానం చెప్పేవాడు. "చూస్తూ ఉండండి, భోజనాల వేళకి విడాకులు." మేం కడుపుబ్బ నవ్వేవాళ్ళం. అడగందే ఎవరూ లేచి సాయం చెయ్యరు, అది మర్యాద కాదు. అడిగితే అందరం ఒక్కసారే లేస్తాం.

అర్లిస్, వెర్లిన్‌ల వంతు వస్తే మాత్రం ఈ ఆట సాగేది కాదు. ఆమె వెళ్ళి అద్దంలో తన మొహం కనపడేచోట నిలబడేది. ఒక్క మాట ఉండేది కాదు. వేలు ఇటు వంచితే ఇటు, అటు వంచితే అటు, అరచెయ్యి ఎత్తితే ఆగు. ట్రైలరు పెట్టెలో పెట్టె సర్దినట్టు వెళ్ళి కూర్చునేది. లోవెల్ కుర్చీ మడిచేస్తూ గొణిగేవాడు, "మా సాయంత్రం పాడు చేశావు కదరా వెర్లిన్!" వెర్లిన్ చెవులు ఎర్రబడేవి. అదే ఆయనకి సన్మానం.

ఇక ఆ వేసవి సంగతి. అర్లిస్ చెప్పిన క్యాంపుకి మేం వెళ్ళి చూస్తే, మా జాగాలు మొక్కజొన్న చేను పక్కన ఉన్నాయి. సరస్సు ఎక్కడో రోడ్డుకి అవతల. జాగాలన్నీ ఒక వైపు నుంచి దూరి ఇంకో వైపు నుంచి వెళ్ళిపోయే రకం. లారీలు రాత్రికి ఆగే చోటులా ఉంది.

లోవెల్ దిగీ దిగగానే మొదలుపెట్టాడు. "అర్లిస్, సరస్సేదీ? పెట్టెలో పెట్టుకుని తెచ్చావా?"

"రోడ్డు దాటితే ఉంది."

"రోడ్డు దాటితే మా ఇంటి దగ్గరా ఉంది. దానికి ఇంత పెట్రోలు కాల్చుకుని రావాలా?"

నేను ఊరుకుంటానా? "కళ్ళు పోయాయటే నీకు? ఇక్కడ కూర్చుని తొక్క తీస్తే పిల్లలు కాదు, అసలు నీళ్ళే కనపడట్లేదు."

"బాత్రూములు శుభ్రంగా ఉన్నాయి కోరా."

"బాత్రూములు చూట్టానికా వచ్చాం?"

ఆమె ట్రైలరు కింద చెక్కలు పెట్టుకుంటూ ఉండిపోయింది. వెర్లిన్ దిగి బండి చుట్టూ తిరిగాడు. "నీళ్ళేవీ?" అన్నాడు. అటు పక్క ఉన్నాయని అర్లిస్ చెప్పింది. కాసేపటికి మళ్ళీ తిరిగి వచ్చి, "నీళ్ళేవీ?" అన్నాడు. ఎన్నడూ వెక్కిరించడం చేతకాని మనిషి కూడా పెళ్ళాన్ని వెక్కిరిస్తున్నాడని మేం నవ్వాం. అర్లిస్ మాత్రం మొదటిసారి చెప్పినంత నెమ్మదిగా మళ్ళీ చెప్పింది. అప్పుడు నా నవ్వు ఆగింది.

మర్నాడు మధ్యాహ్నం గిన్నెలు తోమే పాకలో మేమిద్దరమే ఉన్నప్పుడు పట్టుకున్నాను. "ఏం జరుగుతోందో చెప్పు. నాతో కూడా దాస్తావా?"

"గట్టిగా అనకు." కుళాయి ధార పెంచింది, మాట బయటికి పోకుండా. "వసంతంలో ఒకరోజు వెర్లిన్ పాల డిపోకి వెళ్ళాడు."

"రిటైరయ్యి ఎంతకాలమైంది!"

"అదే చెప్తున్నా. తెల్లారేసరికి బూట్లు వేసుకుని వెళ్ళిపోయాడు. నా ట్యాంకరు తాళాలేవీ అని అడిగాడట. పాపం వాళ్ళు మంచివాళ్ళు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి నాకు ఫోన్ చేశారు."

నేను చేతిలో పళ్ళెం పక్కన పెట్టేశాను. "డాక్టరుకి చూపించావా?"

"చూపిస్తే ముందు లైసెన్సు లాక్కుంటారు."

"లాక్కోరా మరి! లాక్కోవాల్సిందే!"

"నాకు తెలీదా కోరా?" గిన్నె వదిలేసి నా వైపు తిరిగింది. "నా పుట్టినరోజు ఎప్పుడో ఆయనకి తెలీదు. జానెల్ ఏ ఊళ్ళో ఉందో తెలీదు, కన్నకూతురు! స్టీరింగు పట్టుకుంటే మాత్రం ఆ చేతులకి అన్నీ తెలుసు. అది కూడా తీసేసుకుంటే ఇంక ఆయన దగ్గర ఏం మిగులుతుందో నువ్వు చెప్పు."

"మరి ఇంతదూరం ఎలా నడిపాడు?"

"పక్కన కూర్చుని ప్రతి మలుపూ చెప్పుకొచ్చాను. ముందుకు పోవడం పర్వాలేదు. వెనక్కి పెట్టాలంటేనే... నేను దిగి వెనక నిలబడాలి. వెనక నిలబడితే పక్కనెవరుంటారు?"

అందుకే మొక్కజొన్న చేను. అందుకే ఒక వైపు దూరి ఇంకో వైపు నుంచి నేరుగా బయటికి పోయే జాగా. అన్నేళ్ళు పిల్లల తలలు కనపడాలని చోట్లు ఎంచిన మనిషి ఈసారి మొగుడి పరువు కోసం ఎంచింది. చెప్పాల్సింది నేను చెప్పాను. జానెల్‌కి ఫోన్ చెయ్యమన్నాను, తాళాలు మెర్ల్‌కి ఇమ్మన్నాను. "ఈ వారం గడవనీ, ఇంటికెళ్ళగానే నేనే చెప్తా," అంది. ఆ మాట నిజంగానే అందని నాకు ఇప్పటికీ నమ్మకం.

వారం గడవలేదు. వెర్లిన్‌కి నీళ్ళు కావాలి. పొద్దున్న లేచి వెతుక్కుంటూ మేజోళ్ళతోనే రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. మెర్ల్ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ట్రైలరు మెట్టు మీద కూర్చుని, తడిసిన మేజోళ్ళు లాగుతున్న పెళ్ళాం తల వైపు చూస్తూ అడిగాడు. "నేనేం తప్పు చేశానే అర్లిస్? నన్ను ఇలా వెనక పడేశారేం?"

అర్లిస్ మేజోళ్ళు పిండి తీగ మీద ఆరేసింది. పిండాల్సిన దానికంటే చాలాసేపు పిండింది.

ఆ రోజే, భోజనాలయ్యాక, క్యాంపు యజమాని చిన్న బండేసుకుని వచ్చాడు. నీటి పక్క మూల జాగాలో ఉన్న కుటుంబం పిల్లకి జ్వరమొచ్చి ఇంటికి పోయారట. "ఎవరికైనా కావాలాండీ? మీవాళ్ళు నీళ్ళు లేవని బాధపడుతున్నారట కదా." అందరం అలవాటుకొద్దీ అర్లిస్ వైపు చూశాం. అర్లిస్ వెర్లిన్ వైపు చూసింది. ఆయన అప్పటికే లేచి నిలబడ్డాడు. ఆ మొహం నేను ఎలా చెప్పను, చిన్నపిల్లాడిని ఆటకి పిలిచినట్టు ఉంది.

"మాకు కావాలి," అంది అర్లిస్.

నేను ఆమె జబ్బ పట్టుకుని పక్కకి లాగాను. "మెర్ల్ పెడతాడు బండి."

"వద్దు. ఇంతమంది ముందు ఇంకొకడు ఆయన బండి పెడితే ఎందుకో ఆయనకి అర్థమైపోతుంది. అంతవరకు ఇంకా తెలుస్తోంది కోరా. అదే వచ్చిన బాధ."

"పోనీ నేను పక్కన కూర్చుంటా."

ట్రక్కు ఎక్కబోయాను కూడా. వెర్లిన్ కిటికీలోంచి తల బయట పెట్టి నవ్వాడు. "వెనకొకతె చాలక పక్కనొకతా? దిగు తల్లీ, దిగు." అంత హుషారుగా ఆయన మాట్లాడి చాలాకాలమైంది. ఇంకేం అనను? దిగాను.

కుర్చీలన్నీ అటు తిరిగాయి. "లేచి నిలబడండర్రా, మాస్టారొస్తున్నాడు!" అని లోవెల్ కేక పెట్టాడు. వాడికి ఏమీ తెలీదు. ఆ జాగా నీటి వైపు పల్లంగా ఉంది. చివర చెక్క టేబుల్, దాని వెనక ఇసుక, ఇసుకలో గొయ్యి తవ్వుకుంటూ మా మనవలు. అర్లిస్ టేబుల్ ముందు నిలబడింది. వేలు వంచింది. ట్రైలరు తిరిగింది. ఇంకాస్త వంచింది, ఇంకాస్త తిరిగింది. ఎంత నిటారుగా వస్తోందంటే, గిన్నెల పాకలో విన్నదంతా అబద్ధమేమో అనిపించింది నాకు. ఆ చేతులకి నిజంగానే అన్నీ గుర్తున్నాయి.

అప్పుడు అర్లిస్ అరచెయ్యి ఎత్తింది.

మా వైపు రోడ్ల మీద ఎదురుగా బండి వస్తే, తెలిసినవాళ్ళైనా తెలియనివాళ్ళైనా, స్టీరింగు మీంచి వేళ్ళు ఎత్తి పలకరిస్తాం. ఎత్తనివాడికి పెంపకం లేదంటారు. పాలబండి మీద తిరిగిన మనిషి ఆ వేళ్ళు ఎన్ని వేలసార్లు ఎత్తి ఉంటాడో. అద్దంలో ఎవరో చెయ్యి ఎత్తడం వెర్లిన్‌కి కనపడింది. ఆయన చిరునవ్వు నవ్వి, స్టీరింగు మీంచి వేళ్ళు ఎత్తాడు. బండి వస్తూనే ఉంది. అర్లిస్ చెయ్యి ఇంకా పైకెత్తింది. ఆయన కిటికీలోంచి చెయ్యంతా బయట పెట్టి, సంతోషంగా, పెద్దగా ఊపాడు.

పక్కకి తప్పుకుని ఉంటే ఆమెకేమీ అయ్యేది కాదు. తప్పుకోలేదు. వెనక పిల్లలున్నారు. నేను అరిచిన అరుపు నాకే వినపడలేదు. కుర్చీలోంచి లేవడానికే బద్ధకించే లోవెల్ ఎలా పరిగెత్తాడో, తలుపు ఎలా లాగాడో, వెర్లిన్ కాళ్ళ మీదుగా కాలు దూర్చి బ్రేకు తొక్కాడు. అప్పటికి ట్రైలరు ఆమెను టేబుల్‌కేసి నెట్టింది. టేబుల్ కాళ్ళు విరిగి, దాంతోపాటే ఆమె ఇసుకలోకి పడింది. మణికట్టు విరిగింది. తుంటి కమిలి నల్లబడింది. పిల్లలకి ఏమీ కాలేదు.

వెర్లిన్ దిగొచ్చాడు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. "అర్లిస్! అక్కడే నిలబడ్డావేమే? నువ్వు చెయ్యి ఊపావు. నేనూ ఊపాను కదా!"

ఆ ఒక్క మాటతో అందరికీ అన్నీ తెలిసిపోయాయి.

"ఊపావు. చూశాను," అంది అర్లిస్, ఇసుకలో కూర్చునే, విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని.

ఆయన బండి వైపు తిరిగి చూసుకున్నాడు. "నిటారుగా వచ్చిందా?"

ట్రైలరు అడ్డదిడ్డంగా ఉంది. ఒక చక్రం ఇసుకలో కూరుకుపోయింది. "ఒక్కసారిలో వచ్చింది, ఎప్పట్లాగే," అని, అర్లిస్ తలెత్తి లోవెల్ వైపు చూసింది. అంతలా బతిమాలుతున్న చూపు ఆమె దగ్గర నేనెప్పుడూ చూడలేదు. లోవెల్ టోపీ తీసి చేతిలో నలిపాడు. "మా సాయంత్రం పాడు చేశావు కదరా వెర్లిన్," అన్నాడు. వెర్లిన్ చెవులు ఎర్రబడ్డాయి. మేమెవరం ఆ చెవుల వైపు చూడలేకపోయాం.

బండి అలాగే వదిలేశాం. మిగతా వారం వెర్లిన్ పొద్దస్తమానం నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన కట్టుకట్టిన చేత్తో అర్లిస్. తాళాలు మెర్ల్ జేబులో. జానెల్ ఆఘమేఘాల మీద వచ్చి తల్లిని నానా మాటలూ అంది. "నీ మొగుడి ముచ్చట కోసం పసిపిల్లల ప్రాణాల మీదికి తెస్తావా?" అంది. అర్లిస్ "నిజమే" అంది, అంతే. జానెల్ అన్నది న్యాయమే. నేను అంతకంటే గట్టిగా అన్నాను, అక్కడ ఆడుకుంటున్నది నా మనవలు. అని, ఆ రాత్రి ఆమె పళ్ళెంలో మాంసం నేనే ముక్కలు కోసి పెట్టాను, చెయ్యి లేదు కదా.

ఆకులు రాలకముందే ట్రైలరు అమ్మేశారు. కొన్నవాళ్ళు వచ్చి తీసుకుపోతున్నప్పుడు వెర్లిన్‌ని మా ఇంటికి తీసుకొచ్చి ఆపిల్ ముక్కలు కూరి చేసిన తీపి రొట్టె పెట్టి, టీవీ గట్టిగా పెట్టాం. తర్వాతి వేసవికి చోటు ఎంచిపెట్టమని అర్లిస్‌ని అడిగాం, నువ్వు రాకపోయినా పర్వాలేదన్నాం. "నా ఎంపిక మీద నాకే నమ్మకం పోయిందే," అంది. లోవెల్ ఎంచాడు. రైలు మా నెత్తిమీంచే పోయింది. ఆ ఏడు లోవెల్‌తో సహా ఎవరూ కుర్చీలు దారి వైపు తిప్పలేదు. మరుసటి ఏడు సగంమందే వచ్చారు.

మొన్న మార్చిలో, ఇంకా సరస్సులన్నీ గడ్డకట్టి ఉండగానే, దాల్చినచెక్క రొట్టెలు చేసి పట్టుకెళ్ళాను. వెర్లిన్ వంటింటి టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నాడు. గడ్డం నున్నగా గీసి ఉంది. గీసింది ఆమే. ఆయన టోపీ వెతుక్కుంటూ లోపలికి వెళ్ళినప్పుడు అర్లిస్ మెల్లిగా చెప్పింది.

"రోజూ పొద్దున్నే అడుగుతాడు, ఈ వేసవి ఏ సరస్సుకని. రోజూ ఒకటి ఎంచి చెప్తాను."

"నిన్నటిదే చెప్పరాదూ? ఆయనకేం గుర్తుంటుంది?"

"నాకుంటుందిగా." రొట్టెకి వెన్న రాస్తూ అంది. "మనం వెళ్ళినవన్నీ అయిపోయాయి కోరా. చూసి వద్దన్నవీ అయిపోయాయి. ఇప్పుడు లేనివి కల్పించి చెప్తున్నాను."

వెర్లిన్ టోపీ పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు. కాఫీ కప్పు రెండు చేతులా పట్టుకున్నాడు. "అయితే ఈ వేసవి ఎక్కడికి?"

"టామరాక్ సరస్సుకి," అంది అర్లిస్ తడుముకోకుండా. "తూర్పు ఒడ్డున. ఇసుక మెత్తగా ఉంటుంది. చాలాదూరం పోయినా మోకాలి లోతే."

"నీడుందా?"

"పెద్ద ఓక్ చెట్లున్నాయి. కొమ్మలు ఎత్తులో ఉన్నాయి, బండికి తగలవు."

"నీళ్ళ పక్కనేనా?"

"పక్కనే. తలుపు తీస్తే నీళ్ళే."

ఆయన తృప్తిగా తలూపాడు. రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆమె వైపు వంగాడు. కొత్తవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఆయనకుండే బెరుకు ఆ గొంతులోకి వచ్చింది.

"అంతా బాగానే ఉందండీ. కాకపోతే మా ఆవిడకి నచ్చాలి. ఆవిడకి ఓ పట్టాన ఏ చోటూ నచ్చదు. ఆవిడ్ని అడక్కుండా నేను సరే అనలేను. మీరేమీ అనుకోకండి."

అర్లిస్ చేతిలో వెన్న కత్తి ఆగిపోయింది. నేను ఆమె పేరు పిలవబోయి ఊరుకున్నాను.

"అనుకోవడానికేముందండీ," అంది ఆమె. "ఆవిడ ముందే వెళ్ళి చూసొచ్చారు. బాగా నచ్చిందన్నారు."

"చూసొచ్చిందా?" ఆయన మొహం తేటపడింది. "అయితే ఇంకేం. అయితే వెళ్దాం."

అర్లిస్ లేచి ఆయన కప్పులో ఇంకాస్త కాఫీ పోసింది. "థాంక్సండీ," అన్నాడు ఆయన.